గోలెం మీద మూత

కనకవ్వ నోటికి జంకని మనిషి ఆ లైను క్వార్టర్లలో ఎవరూ లేరు. ఆమె మొగుడు గట్టయ్య గోదావరిఖని బాయిలో బొగ్గు నింపే పనివాడు. గనిని అక్కడ అందరూ బాయి అనే అంటారు. భూమి కింద చీకట్లో భయమంటే ఎరగని గట్టయ్య, ఇంట్లో పెళ్లాం గొంతు పెరిగితే మాత్రం చుట్ట ముట్టించుకుని మెల్లగా వాకిట్లోకి జారుకునేవాడు. అయినా లైనులో ఏ ఆడదానికి నొప్పులు మొదలైనా ముందు కబురు వెళ్లేది ఆ నోటిదురుసు మనిషికే. ఎందుకంటే కనకవ్వ మంత్రసాని.

మంథని పక్క పల్లెలో అత్త వెంట తిరిగి నేర్చుకున్న పని అది. అరవైల మొదట్లో గట్టయ్యకు బాయిలో పని దొరికితే, ఆమె కూడా చాట, చీపురు, బొడ్డు కోసే కొడవలి మూట కట్టుకుని వచ్చేసింది. చేతికి లొంగని కాన్పును పట్టుకుని వేలాడే రకం కాదు. "అడ్డం తిరిగిన బిడ్డను నేను ముట్ట. జల్ది దవాఖానకు పట్టుకపోండ్రి" అని ముఖం మీదే చెప్పి, బండి ఎక్కించి, తనూ వెంట వెళ్లేది. లైనులో పరుగులు తీసే పిల్లల్లో సగానికి పైగా ఆమె చేతుల్లో పడ్డవాళ్లే. వాళ్లందరినీ ఆమె "నా పోరగాండ్లు" అనే అనేది. కన్నతల్లుల ముందే అనేది. ఎవరికైనా కష్టంగా ఉంటే ఉండనీ అనుకునేది.

ఇప్పుడు గోలెం సంగతి చెప్పాలి. పల్లెల్లో పశువులకు కుడితి పోసే గోలెం ఉంటుంది కదా, బర్రె కొమ్ము తగిలి దొర్లిపోకుండా దాన్ని సగం దాకా మట్టిలో పాతేస్తారు. ఆ పల్లెల నుంచే జనం బాయి పనికి వచ్చారు. బర్రెలు ఊళ్లోనే ఉండిపోయాయి, పాతే అలవాటు మాత్రం వెంట వచ్చింది. క్వార్టరు వెనక స్నానం చేసే బండ పక్కన ప్రతి ఇంటికీ ఒక సిమెంటు గోలెం. నల్లా గొట్టాన్ని కిందికి వంచితే ధార జోరుగా వస్తుందని ఎవరో కనిపెట్టారు. ఇంకేం, గోలేన్ని ఇంకా లోతుగా దించారు. అంచు నేల నుంచి బెత్తెడు ఎత్తు కూడా ఉండదు. లోపల మాత్రం పెద్దమనిషికి తొడల దాకా నీళ్లుంటాయి. ఒక ఇంటి పెరటికీ ఇంకో ఇంటి పెరటికీ మధ్య గోడలు కూడా లేవు.

మగవాడు షిఫ్టు దిగి నల్లటి ముఖంతో వచ్చేసరికి ఆ గోలెం నిండి ఉండాలి. పొయ్యి మీద కాగులో నీళ్లు మరుగుతూ ఉండాలి. చలికాలమైతే ఆ మరిగే నీళ్లను గోలెంలోనే కుమ్మరించి వెచ్చగా చేసేవాళ్లు. గోలెం ఖాళీగా కనబడితే ఆ ఇంటి ఆడదాని పరువు పోయినట్టే.

ఇంకో సంగతి కూడా ఉంది. బాలింత ఇరవై ఒకటో రోజున బావికి పసుపు కుంకుమ పెట్టి, గంగమ్మకు మొక్కి, మొదటి చేద నీళ్లు తోడుకోవాలి. ఆ లైనులో నీళ్ల బావి ఎక్కడుంది? అందుకని గోలేన్నే బావి అనుకుని దానికే పూజ చేసేవాళ్లు. ఆ పూజ చేయించేది మంత్రసాని. కనకవ్వ అలా ఎన్ని గోలేలకు పసుపు పూయించిందో ఆమెకే లెక్క తెలియదు. తర్వాత ఆ పూజే తన కాళ్లకు అడ్డం పడుతుందని ఆమె అనుకోలేదు.

లైనులో అందరికంటే పెద్దమనిషి బుచ్చన్న సర్దార్. సర్దార్ అంటే బాయిలో ఒక జాగాకు కాపలా మనిషి అనుకోండి. పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, ఇక్కడ పని చేయండి, ఇక్కడ వద్దు అని చెప్పేది ఆయనే. వద్దన్న చోట కట్టెలతో కంచె కట్టించేవాడు. ఆయన చేతికింద పనిచేసినవాళ్లు ఇంటి నుంచి వచ్చినట్టే ఇంటికి తిరిగి వెళ్లారని చెప్పుకునేవాళ్లు. పెళ్లాం చనిపోయింది. ఇంట్లో కొడుకు సదయ్య, కోడలు అనసూర్య, అప్పుడే నడక నేర్చిన మనుమరాలు కొమురవ్వ. ఆ పిల్లను భూమ్మీదికి తెచ్చింది కనకవ్వ చేతులే.

డెబ్బై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో సర్దార్ ఇంట్లో మల్లన్న దేవుడికి రంగుల ముగ్గులతో పట్నాలు వేసి కొలుపు చేశారు. డోలు చప్పుళ్లు, చుట్టాలు, కూర వాసన, ఇల్లంతా ఒకటే సందడి. పిల్ల చుట్టాల దగ్గరుందని అనసూర్య అనుకుంది. తల్లి దగ్గరుందని చుట్టాలు అనుకున్నారు. తాత ఎత్తుకున్నాడని సదయ్య అనుకున్నాడు. ఆడపిల్లలెవరో ఆడిస్తున్నారని తాత అనుకున్నాడు. అంతమంది ఉన్న ఇంట్లో ఆ పసిదాన్ని చూస్తున్న కన్ను ఒక్కటీ లేదు. చేతులు కడుక్కుందామని చెంబు ముంచబోయిన మనిషి కేక పెట్టేదాకా ఏ చెవికీ ఏ చప్పుడూ వినబడలేదు.

ఆ ఇంటి ముందు జనం కూర్చుని ఉన్నారు. "గంగమ్మ అడిగింది, తీసుకపోయింది. మనం ఏం జేస్తం" అన్నాడు బుచ్చన్న, నేల చూస్తూ. పక్కనున్నవాళ్లు తలలూపారు. గోడకు ఆనుకుని కూర్చున్న అనసూర్య తల ఎత్తలేదు.

కనకవ్వకు ఒళ్లు మండిపోయింది. "గంగమ్మ నీకొచ్చి చెప్పిందా కాకా? గుంత తవ్వింది మనం. నీళ్లు నింపింది మనం. మూత పెట్టంది మనం. తప్పు మనం జేసి గంగమ్మ నెత్తిన రుద్దుతమా?"

"పోయిన ఇంట్ల మాట్లాడే మాటలేనా గివి? నోరు ముయ్యి!" అని నలుగురూ మీద పడ్డారు.

"నా నోరు మూస్తరు గని గోలెం నోరు మాత్రం ముయ్యరు!" అని లేచి వచ్చేసింది. దారంతా ఏడుస్తూనే వచ్చింది. ఏడుపు ఆగగానే మహమూద్ దగ్గరికి వెళ్లింది.

మహమూద్ బజారులో వడ్రంగి. వాళ్ల ఇల్లు కనకవ్వ ఇంటికి పక్కదే. పెట్టెల చెక్కలు జోడించి, మనిషి ఎక్కి నిలబడ్డా వంగని మూత చేసిపెట్టాడు. ఒక పక్క ఇనుప మడతబందులు, ఇంకో పక్క పసిపిల్లల చేతులకు ఊడిరాని బిగువైన గొళ్లెం. అతని భార్య రబియా బీ దాన్ని తట్టి చూసి, "మా ఇంట్ల గూడ జల్ది పెట్టు జీ, నా జాన్ నిమ్మళమైతది" అంది. అట్లా లైనులో రెండు గోలేలకు మూతలు పడ్డాయి.

"చెంబెడు నీళ్ల కోసం ఇప్పుడు గీ మూత తీసుడు, పెట్టుడు ఎవ్వడు జేస్తడే?" అని గట్టయ్య గొణిగాడు.

"తీసినోడే పెడుతడు. మరిచిపోతే గా పూట బువ్వ లేదు."

గట్టయ్య ఒకసారి నిజంగానే మరిచిపోయాడు. కనకవ్వ అతని ముందు ఖాళీ కంచం పెట్టి, తను ఎదురుగా కూర్చుని పప్పుతో కడుపునిండా తిన్నది. మళ్లీ ఎప్పుడూ అతను మరిచిపోలేదు.

కానీ తన గోలెం ఒక్కటే మూస్తే ఏం లాభం? నడక వచ్చిన పిల్లకు తన ఇల్లు, పరాయి ఇల్లు అని తెలుస్తుందా? కనకవ్వ ఇల్లిల్లూ తిరిగింది. "నీళ్లల్ల పడ్డ పిల్ల మొత్తుకోదు బిడ్డా, అరుపు ఇనబడుతదని కూసుంటే పిల్ల దక్కదు" అని నచ్చజెప్పింది. వినకపోతే తిట్టింది. "మా పిల్లలను మేం చూసుకుంటం, నీకెందుకు ఫికర్?" అన్నారు కొందరు. "గంగమ్మ మొఖం మీద తలుపేస్తవా? ఇగ బాలింత దేనికి మొక్కాలె?" అన్నారు ఇంకొందరు. అందరూ చివరికి ఒకే మాట దగ్గరికి వచ్చేవాళ్లు: "పిల్లను పోగొట్టుకున్న సర్దార్ ఇంట్లనే మూత లేదు. మాకెందుకు?"

ఆ మాట నిజం. బుచ్చన్న ఆ గోలేన్ని అట్లాగే ఉంచాడు. పైగా మంగళవారం మంగళవారం దాని అంచున దీపం పెట్టేవాడు. ఆయన మూత పెడితే ఆ మర్నాడే లైనంతా పెడుతుంది. ఆయన పెట్టడు. మూత పెడితే తప్పు తనదేనని ఒప్పుకున్నట్టు అవుతుంది కదా, అందుకు పెట్టడు. ఈ సంగతి కనకవ్వకు తెలుసు, బహుశా ఆయనకూ తెలుసు.

ఆ ఏడు చలికాలం వచ్చింది. అనసూర్యకు మళ్లీ నెల తప్పింది. ఆమె గోలెం దగ్గర గిన్నెలు కడిగేటప్పుడు కూడా దానికి వీపు పెట్టి కూర్చోదు. ఎప్పుడు చూసినా కళ్లు ఆ నీళ్ల మీదే. అది చూసిన రోజే కనకవ్వ సర్దార్ ఇంటి ముందుకు వెళ్లి, లైనంతా వినబడేలా గొంతెత్తింది.

"ఇనుండ్రి అందరు! గోలెం మీద మూత లేని ఇంట్ల కనకవ్వ అడుగు పెట్టది. కాన్పు చెయ్య, పిల్లకు నీళ్లు పొయ్య, పూజ చేపియ్య. మీరు బాయిల సమ్మె చేస్తరు గద, ఇది నా సమ్మె!"

కొందరు నవ్వారు. కొందరు ఉమ్మేశారు. బుచ్చన్న అరుగు మీద నుంచే, "పోతే పో. మంచిర్యాలల మంత్రసానులు కరువైన్రా?" అన్నాడు.

ఇంటికి వచ్చాక గట్టయ్య మెల్లగా అడిగాడు. "సమ్మె అంటివి సరే. ఎవ్వలికన్న పాణం మీదికొస్తే ఏం జేస్తవే?"

"నువ్వు మూసుకొని తిను" అంది కనకవ్వ. అన్నదే గానీ ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు. ఆమెకూ అదే భయం. మాట మీద నిలబడితే ఒక తల్లి ప్రాణం పోవచ్చు, మాట తప్పితే ఇంకో పసిపిల్ల ప్రాణం పోవచ్చు.

అయినా సమ్మె కొంత పని చేసింది. నెలలు నిండుతున్న ఆడవాళ్లున్న ఇళ్లలో గోలేలకు మూతలు పడటం మొదలైంది. మహమూద్‌కు ఊపిరి సలపలేదు. బుచ్చన్న ఇల్లు మాత్రం కదల్లేదు.

వానాకాలం ముసురులో ఒక పొద్దున అనసూర్యకు నొప్పులు వచ్చాయి. మంత్రసాని కోసం గోదావరి అవతల మంచిర్యాలకు పంపిన మనిషి తిరిగి రాలేదు. సదయ్య తడుస్తూ పరుగెత్తుకొచ్చి, "పెద్దవ్వా, నీ కాళ్లు మొక్కుత, రా" అన్నాడు. కనకవ్వ కొంగు బిగించి, మూట చంకన పెట్టుకుని వెళ్లింది. సర్దార్ వాకిట్లో మాత్రం ఆగిపోయింది.

అరుగు మీద బుచ్చన్న నిలబడి ఉన్నాడు. "లోపటికి రా" అన్నాడు.

"మూత?"

"పాణం పోయేటట్టున్నది ఆడ. గిప్పుడా అడిగేది?"

"ఇప్పుడు గాకుంటే ఇంకెప్పుడు అడగాలె కాకా? గీ బిడ్డ కూడ గోలెంల పడ్డంక అడగన్నా?"

లోపల నుంచి అనసూర్య అరుపు వినబడింది. ఇంకొక్క అరుపు వినబడితే మాటా గీటా గంగలో కలిపి లోపలికి ఉరికేదాన్నేనని తర్వాత రబియా బీతో కనకవ్వే చెప్పింది. కానీ రెండో అరుపు వినబడలేదు. తలుపు తెరుచుకుంది. గోడ పట్టుకుని, పళ్లు బిగబట్టి, అనసూర్య బయటికి వచ్చింది.

"యాడికే?" అన్నాడు బుచ్చన్న.

పెళ్లయి వచ్చిన నాటి నుంచి మామ ముందు కొంగు తీయని పిల్ల ఆమె. కొంగు జారిపోయినా సర్దుకోలేదు. "కనకవ్వ ఇంటికి పోతున్న మామా. కొమురవ్వను గీ ఇంట్లనే కన్న. గీ ఇంట్లనే పోగొట్టుకున్న. గీ బిడ్డను మాత్రం గీడ కనను."

"సదయ్యా, పట్టుకో దాన్ని!" అని అరిచాడు ముసలాయన.

సదయ్య పట్టుకున్నాడు. పెళ్లాం రెక్క కింద చేయి వేసి, మెట్టు దింపి, వానలో కనకవ్వ ఇంటి వైపు నడిపించుకుపోయాడు. తండ్రి మాట జవదాటడం ఆ పిల్లగాడికి అదే మొదలు. వెనక్కి చూస్తే ఎక్కడ ఆగిపోతాడోనని వెనక్కి చూడలేదు. లైనులో ఆడవాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఒక్కరూ నవ్వలేదు.

కనకవ్వ ఇంట్లో, చాప మీద, ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. కనకవ్వ పిల్లను ఎత్తి, రక్తం తుడిచి, మొట్టమొదట అన్న మాట: "నిన్ను గంగమ్మకు ఇయ్య. ఏం జేసుకుంటదో జేసుకోమను."

పురిటి వాసన పోకముందే బుచ్చన్న వచ్చాడు. గడప బయటే నిలబడి, "మనుమరాలిని చూపియ్యి" అన్నాడు. చూపించింది. ఆయన చేయి చాపబోయి వెనక్కి తీసుకున్నాడు.

"ఇంటికి ఎప్పుడు పంపుతవ్?"

"గోలెం మూసినంక."

"గంగమ్మకు ఏం జెప్పాలె కనకవ్వా?" ఆ గొంతులో ఈసారి పౌరుషం లేదు, నిజంగానే అడుగుతున్నాడు. కనకవ్వ అది కనిపెట్టింది. అయినా మెత్తబడలేదు.

"బాయి మీద మైసమ్మ ఉన్నది గద కాకా. దిగేటప్పుడు మొక్కే దిగుతవ్. మొక్కిన గద అని పైకప్పు తట్టి చూసుడు ఇడిసిపెట్టినవా? బాగలేని కాడ కంచె కడతవ్. మైసమ్మ మొఖం మీద కంచె కట్టిన అని ఎన్నడన్న అనుకున్నవా? షిఫ్టు అయినంక నీ బదులు సర్దార్ వచ్చి చార్జి తీసుకునేదాక జాగ ఇడిసి పైకి రావు గద నువ్వు. మరి పట్నాల నాడు నీ ఇంట్ల కొమురవ్వ చార్జి ఎవ్వల చేతిల ఉండె? చెప్పు!"

బుచ్చన్న తుండుగుడ్డతో ముఖం కప్పుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. అంత మాట అనకుండా ఉండాల్సిందని గట్టయ్య నసిగాడు. ఏడాది కిందనే అనాల్సిందని కనకవ్వ అంది.

కొన్ని రోజులు ఆ ఇంటి నుంచి ఏ కబురూ లేదు. తర్వాత ఒక సాయంత్రం సర్దార్ పెరట్లో గడ్డపార చప్పుడు వినబడింది. తండ్రీ కొడుకూ కలిసి గోలెం చుట్టూ మట్టి తవ్వుతున్నారు. తాళ్లు కట్టి, నలుగురు మగవాళ్లను పిలిచి, దాన్ని పైకి లాగి బండల మీద నిలబెట్టారు. అంచు ఇప్పుడు సదయ్య నడుం ఎత్తున ఉంది. వంచిన నల్లా దానికి అందదు, బకెట్లతో ఎత్తి పోయాల్సిందే. "పోస్తం. చేతులు పడిపోయినయా?" అన్నాడట బుచ్చన్న. ఆ మర్నాడు మహమూద్ మూత బిగించాడు. పాత గుంతను సర్దార్ తన చేతులతోనే పూడ్చాడు. పూడుస్తూ ఆయన ఏడ్చాడని సదయ్య చెప్పాడు.

ఇరవై ఒకటో రోజు వచ్చింది. అనసూర్య తలకు పోసుకుని, కాళ్లకు పసుపు రాసుకుని, పిల్లతో అత్తింటి పెరట్లో అడుగు పెట్టింది. కనకవ్వ కూడా ఏడాది తర్వాత ఆ ఇంట్లో అడుగు పెట్టింది. లైనులో ఆడవాళ్లంతా వచ్చారు. పూజ చూడటానికి కాదు, మూతను కనకవ్వ ఏం చేస్తుందో చూడటానికి వచ్చారు.

కనకవ్వ మూత తెరిపించింది. అనసూర్య చేత గోలేనికి పసుపు పూయించి, బొట్లు పెట్టించి, గంగమ్మకు దండం పెట్టించింది. చెంబు నిండా నీళ్లు తోడించింది. అందరూ లేవబోయారు.

"కూసోండ్రి. పూజ అయిపోలే" అని, మూత దించి గొళ్లెం పెట్టించింది. "ఇగ దీనికి పెట్టు బిడ్డా."

"మూతకా?" అంది వెనక నుంచి ఎవరో.

"అవ్ మూతకే! నీళ్లిచ్చేది గంగమ్మ అయితే పిల్లను కాసేది గిది. గంగమ్మ గూడ తల్లే గద, ఏమనుకోదు. అనుకుంటే నాతోని మాట్లాడుమను."

అనసూర్య వంగి చెక్క మీద పసుపు రాసింది. మధ్యలో ఒకసారి ఆగింది. పక్కనున్న ఆడవాళ్లలో ఒకరు వచ్చి కుంకుమ అందించారు. ఆ తర్వాత ఇంకొకరు పువ్వు పెట్టారు. పూజ అయ్యాక అనసూర్య చేతులు కడుక్కుని, రబియా బీ దగ్గరున్న పిల్లను ఎత్తుకుంది.

అప్పటిదాకా దూరంగా నిలబడ్డ బుచ్చన్న ముందుకు వచ్చాడు. చేతిలో బాయికి పట్టుకుపోయే కర్ర ఉంది. మూతను ఈ మూల, ఆ మూల, నడుమ తట్టి, తల పక్కకు వంచి చప్పుడు విన్నాడు. గొళ్లెం లాగి చూశాడు. పసుపు తడి ఆయన వేళ్లకు అంటింది. తర్వాత చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. పెరడంతా మనుషులే, అచ్చం పట్నాల నాటి లాగానే ఉంది.

"పిల్ల ఎవ్వల చేతిల ఉన్నది?" అన్నాడు. పక్కనున్నవాళ్లకే వినబడింది.

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"గట్టిగ అడుగు సర్దార్" అంది కనకవ్వ. "లైనంత ఇనాలె."

బుచ్చన్న గొంతు సవరించుకున్నాడు. బాయిలో జాగా చివర ఉన్న మనిషికి వినబడేలా పిలిచే గొంతుతో మళ్లీ అడిగాడు.

"పిల్ల ఎవ్వల చేతిల ఉన్నది?"

"నా చేతిల ఉన్నది మామా" అంది అనసూర్య.